చక్కెర పొట్లంలో పోయిన రాకుమారుడు

దానం చేస్తే పుణ్యం వస్తుందని పెద్దలు చెప్తారు. నాకు పుణ్యం రాలేదు, పరుగు వచ్చింది. పుంగనూరు నుంచి మదనపల్లెకు, మదనపల్లె నుంచి పుంగనూరుకు, అక్కడి నుంచి కుప్పానికి, కుప్పం నుంచి మళ్లీ మదనపల్లెకు. ఒక గోనెసంచెడు బొమ్మల పుస్తకాలు ఆసుపత్రి పిల్లలకు ఇచ్చిన పాపానికి ఒక పిల్ల ఆపరేషన్ ఆగింది, ఒక వార్డులో దిండ్లతో యుద్ధం జరిగింది, మా అత్త పూజగదిలో దేవత బస్సెక్కింది. ఇంత ఘనకార్యం ఒంటిచేత్తో చేసినవాడు మా చిత్తూరు జిల్లాలో నేను తప్ప ఇంకొకడు ఉంటే చూపించండి, వాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

అది డెబ్బైల చివర. మదనపల్లెలో డిగ్రీ, పుంగనూరులో ఇల్లు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మధ్యలో కాలేజీ. ఒకరోజు మా కాలేజీకి ఒక పెద్దమనిషి వచ్చి సేవ గురించి మాట్లాడాడు. "మీకు పనికిరానిది ఇంకొకరికి పెన్నిధి కావచ్చు" అన్నాడు. నా పక్కనున్నవాళ్లందరూ హాయిగా నిద్రపోయారు. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు. అంతా అక్కడే మొదలైంది.

మాకు పనికిరానిది ఏముందా అని ఇల్లంతా వెతికాను. నేను తప్ప ఇంకేమీ కనిపించలేదు. అప్పుడు అంగడి గుర్తొచ్చింది.

మా నాయనకు పుంగనూరు బజారులో సరుకుల అంగడి. ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు గానీ, అప్పట్లో ప్లాస్టిక్ సంచులు లేవు. కందిపప్పయినా, ధనియాలయినా, చక్కెరయినా పాత కాగితంలో పొట్లం కట్టి, పైన దారం చుట్టి ఇవ్వాల్సిందే. అందుకని తూకానికి వచ్చిన పాత కాగితాలు మా అంగడి వెనక గదిలో గుట్టగా ఉండేవి. ఆ గుట్టలో ఆ ఏడు ఒక నిధి వచ్చి పడింది. ఊళ్లో పుస్తకాలు అద్దెకిచ్చే ఆయన అంగడి మూసేస్తూ, ఉన్న బొమ్మల కథల పుస్తకాలన్నీ నాయనకు తూకానికి వేసి పోయాడు. రంగు రంగుల బొమ్మలు, రాజులు, దొంగలు, రాక్షసులు.

"నాయినా, ఆ బొమ్మల పుస్తకాలు నీకు కావల్నా?" అని అడిగాను.

"యాలరా?"

"మదనపల్లె ఆసుపత్రిలో పిల్లోళ్లు ఉండారు. వాళ్లకిస్తా."

నాయన తక్కెడ మీంచి కళ్లెత్తకుండానే అన్నాడు. "తీసకపో. రంగు కాగితం నాకెందుకు? చక్కెర కడితే చక్కెరంతా ఎర్రగయితాది. పనికొచ్చేటివి నేను తీసుకొనే ఉండా."

'పనికొచ్చేటివి నేను తీసుకొనే ఉండా.' ఈ మాట మీరు కొంగున ముడేసుకోండి. నేను వేసుకోలేదు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. నాది నాయన సొమ్ము కొడుకు దానం. గోనెసంచి భుజాన వేసుకొని ఆసుపత్రి పిల్లల వార్డులోకి అడుగుపెట్టాను. చేతులు విరిగినవాళ్లు, కాళ్లు విరిగినవాళ్లు, కడుపునొప్పులు, జ్వరాలు. సంచి కుమ్మరించేసరికి వార్డంతా తిరునాళ్లయింది. అంతవరకూ ఏడుస్తున్నవాడు ఏడుపు మానేశాడు. సూది వేయించుకోనని మంచం కింద దాక్కున్నవాడు పుస్తకం కోసం బయటికొచ్చి, సిస్టరుకు దొరికిపోయి, చదువుతూనే సూది వేయించుకున్నాడు.

"మీ అమ్మ నిన్ను బంగారు కడుపుతో కనింది నాయనా" అంది సిస్టరు. ఆమె పేరు ఇప్పుడు గుర్తులేదు, మేమందరం సిస్టరమ్మా అనేవాళ్లం. ఆ మాటతో నేను నేల మీద నడవడం మానేశాను. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. దానకర్ణుడు సీటు కోసం పాకులాడతాడా?

మరుసటి రోజు కాలేజీ ఎగ్గొట్టి, ఇంకాస్త పొగడ్త తిందామని వార్డుకు వెళ్లాను. గుమ్మంలో కాలు పెట్టానో లేదో, "అన్నొచ్చినాడు! పట్టుకోండి!" అని ఒక కేక. నడవగలిగిన పిల్లలందరూ వచ్చి నన్ను చుట్టుముట్టారు. నడవలేనివాళ్లు మంచాల మీంచే కేకలేశారు.

"అన్నా, కిరీటం దొంగిలించిందెవరన్నా?"

"ఆ ఏనుగు బతికిందా సచ్చిందా?"

"రాక్షసుని పానం యాడుండాదన్నా? చిలకలోనా, చెంబులోనా?"

"పుస్తకం చదవండప్పా, అందులోనే ఉంటాది" అన్నాను నవ్వుతూ.

"యాడుండాది? నువ్వే సూడు!"

చూశాను. కిరీటం దొంగ ముసుగు తీయబోతున్నాడు, అక్కడికి పుస్తకం అయిపోయింది. ఇంకోటి చూశాను. ఏనుగు లోయ అంచున ఒంటికాలు మీద ఉంది, అయిపోయింది. మరోటి, ఇంకోటి. అన్ని పుస్తకాలకూ మొదలుంది, మధ్య ఉంది, చివర మాత్రం లేదు. వెనక ఆకులు చింపిన గుర్తులు కుట్టు దగ్గర నన్ను చూసి పళ్లికిలిస్తున్నాయి.

అప్పుడు వెలిగింది నాకు. బొమ్మల పుస్తకాల్లో చివరి ఆకుల్లో రంగు తక్కువ. కథ ముగింపు అర పేజీ ఉంటుంది, మిగతాది తెలుపు, పొడుపుకథలు, వ్యాపార ప్రకటనలు. చక్కెరకు రంగు అంటని కాగితం అంటే అదే. మా నాయన తీరిగ్గా ఒక్కో పుస్తకం వెనక నుంచి పనికొచ్చే ఆకులన్నీ లాగేసుకున్నాడు. అంటే దొంగల గుట్టు, ఏనుగు ప్రాణం, రాక్షసుడి చావు, అన్నీ పొట్లాలై పుంగనూరు వంటిళ్లకు చేరిపోయాయి.

తెలివైనవాడైతే అక్కడ దండం పెట్టి ఇంటికి పోయేవాడు. నేను తెలివైనవాణ్ణే అయితే మీకు ఈ కథ ఎక్కడిది? "ఆ కథలన్నీ నాకు తెలుసు, చెప్తా కూర్చోండి" అన్నాను. ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి నోటికొచ్చిన ముగింపు చెప్పాను. కిరీటం కొట్టేసింది మంత్రి అని కిటికీ దగ్గర మంచానికి చెప్పాను. ఆ పుస్తకమే చేతులు మారి తలుపు దగ్గర మంచానికి వచ్చిందని తెలియక, దొంగ మంగలి అని ఆ మంచానికి చెప్పాను. నేను మెట్లు దిగేలోపే యుద్ధం మొదలైంది.

"మంత్రి!"

"మంగలి!"

"అన్న నాకే చెప్పినాడు!"

"నాకు జెప్పినాడు, నీకు సుళ్లు జెప్పినాడు!"

దిండ్లు లేచాయి. సిస్టరమ్మ నెత్తి మీది తెల్ల టోపీ గాల్లో లేచింది. "నిన్ను బంగారు కడుపుతో కనింది అన్నాను చూడు, నా నోరు పడిపోను" అని ఆమె నన్ను చెవి పట్టుకొని లోపలికి లాక్కొచ్చింది. "ఇది నవ్వులాట కాదు. ఇక్కడికి రా, ఈ పిల్లను చూడు."

ఆ పిల్ల పేరు రెడ్డెమ్మ. చౌడేపల్లె పక్కన పల్లె. చింతకాయల కోసం చెట్టెక్కి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఊళ్లో ఎవరో కట్టు కడితే ఎముక వంకరగా అతుక్కుంది. ఆపరేషన్ చేసి సరిగ్గా కూర్చకపోతే జీవితాంతం కుంటాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ ఆ పొద్దునే జరగాలి. రెడ్డెమ్మ మంచం పట్టీ పట్టుకొని, "కథ తెలిసేదాకా నేను రాను" అని కూర్చుంది. పక్కన వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంది.

రెడ్డెమ్మ చేతిలో పుస్తకం తీసుకొని చూశాను. ఒక రాకుమారుడు పాడుబావిలో పడ్డాడు. పైనుంచి పాము దిగుతోంది. అతను ఆకాశంలోకి చూసి, 'తల్లీ! ఇక నీవే దిక్కు!' అంటున్నాడు. అంతే. తర్వాత కుట్టుదారం.

"ఏముందమ్మా, పైకొచ్చి పెండ్లి చేసుకుంటాడు" అన్నాను.

రెడ్డెమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మంత్రి అని ఒకనికి, మంగలి అని ఇంకొకనికి చెప్పింది నువ్వే గదన్నా? నీ మాట నేను నమ్మను. కాగితం సూపీ."

"ఆపరేషన్ అయినాక సూపిస్తా."

"అయినాక యాల? మత్తు సూది వేస్తారంట. దాంట్లో నిద్రపోయి నేను లేయకపోతే? వాడు బావిలోంచి వచ్చినాడా లేదా తెలీకుండానే పోతా గదా."

వాళ్లమ్మ భోరుమంది. అంతవరకూ నాకు ఇది నా పరువు సమస్య. ఆ మాటతో అది కాస్తా ఆ పిల్ల కాలి సమస్య అయింది. రాకుమారుడికి ఒక్క నుయ్యే, నాకు ముందు నుయ్యి వెనక గొయ్యి.

"సోమవారం దాకా టైమిస్తా" అంది అప్పుడే వచ్చిన డాక్టరమ్మ. ఎవరికి ఇస్తోందో అర్థం కాలేదు గానీ చూపు మాత్రం నా మీదే ఉంది.

పుంగనూరుకు పరుగు. "నాయినా, బావిలో రాకుమారుడుండే పుస్తకం చివరి కాగితం యాడుండాది?"

నాయన నన్ను జాలిగా చూశాడు. "ఎండ తగిలినట్టుండాది. మజ్జిగ తాగి పండుకోరా."

మజ్జిగ తాగలేదు. వీధిలో పడ్డాను. ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, మా అంగట్లో చక్కెర కట్టిన కాగితం ఉండాదా?" అని అడిగాను. కొందరు చక్కెరలో రాయి వచ్చిందేమోనని అనుమానించారు. కొందరు తూకం తక్కువైందని నేనే ఒప్పుకోవడానికి వచ్చానేమోనని సంతోషించారు. ఒకామె పొయ్యి చూపించి, "పొద్దున నీ కాగితంతోనే అంటించినా, బూడిద గావల్నా?" అంది. ఇంకొకామె ఎంతో ప్రేమగా ఒక ఆకు తెచ్చిచ్చింది. అందులో ఏనుగు లోయలోంచి బయటపడింది. ఏనుగు విషయంలో నా మనసు కుదుటపడింది గానీ, రాకుమారుడు బావిలోనే ఉన్నాడు.

ఉసూరుమంటూ ఇంటికొస్తే, సంగతంతా విని మా అమ్మ అంది. "మీ కుప్పం అత్త పోయినవారం వచ్చి చక్కెర కట్టించుకొని పోలేదా? పొట్లం మీద అమ్మవారి బొమ్మ ఉండాదని కండ్లకద్దుకొని, కింద పెట్టకుండా తీసకపాయె."

నేను ఎగిరి గంతేశాను. రాకుమారుడు 'తల్లీ, నీవే దిక్కు' అన్నాడా? తల్లి రావాలి కదా? వచ్చింది. అదే చివరి పేజీ! ఇంత తెలివి పరీక్షల్లో ఎందుకు పనిచేయదో నాకెప్పుడూ అర్థం కాలేదు.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాను. మా అత్త అంటే అమ్మ తమ్ముడి భార్య, మంగత్త. పుట్టిల్లు వాణియంబాడి, చదివింది అరవం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరాలు ఆమెకు ముగ్గులతో సమానం. మామకు స్టేషను దగ్గర కాఫీ హోటలు. నేను వెళ్లేసరికి ఇంట్లో సాంబ్రాణి పొగ. పూజగదిలో, ఇంకే దేవుడికీ చోటివ్వకుండా నట్టనడుమ, అద్దం బిగించిన పటంలో మా చక్కెర కాగితం!

నిజంగానే అమ్మవారు. పట్టుచీర, నిండా నగలు. తల చుట్టూ కాంతి కిరణాలు. కుడిచేయి అభయమిస్తున్నట్టు పైకెత్తి ఉంది. ఎడమచేతిలో చిన్న కుంకుమ భరిణె. కింది సగం ఏముందో కనబడదు. అద్దం మీద అక్షరాలున్న చోటంతా అత్త పసుపూ కుంకుమా మెత్తేసింది.

"అత్తా, ఈ పటం రెండు దినాలు ఇస్తావా?"

"ఏమిరా మాప్ళే" అంది, అల్లుణ్ణి అరవంలో పిలుస్తూ. "దేవుని పటం అప్పిస్తారా ఎవురైనా? జోడా అది, గొడుగా?"

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. రెడ్డెమ్మ కాలు చెప్పాను, రాకుమారుడి బావి చెప్పాను. పాము దగ్గరకొచ్చేసరికి అత్త పమిట నోట్లో కుక్కుకుంది. "అయ్యో సామీ, అప్పుడేమాయె?"

"అప్పుడు ఈ అమ్మవారు వచ్చె."

అత్త పటం వైపు తిరిగి లెంపలేసుకుంది. "ఇంత చేసినావా తల్లీ! నాకొక మాటైనా చెప్పలేదే!" లేచి పట్టుచీర కట్టుకుంది. "పా. అమ్మను నీ చేతికియ్యను. నేనే తెస్తా."

హోటల్లోంచి అప్పుడే వచ్చిన మామ పటాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఏదో చెప్పబోయి ఆగి, "కాఫీ తాగి పోండి" అని మాత్రం అన్నాడు. ఆయన ఎందుకు ఆగాడో తర్వాత తెలిసింది.

ఆ బస్సు ప్రయాణం మా అత్త బతుకులో ఒక ఉత్సవం. పటం ఒళ్లో పెట్టుకొని ఎక్కగానే కండక్టరు, "అమ్మవారిని నిలబెడతారాప్పా? లేయండి, లేయండి" అని ముందు సీటు ఖాళీ చేయించాడు. బైరెడ్డిపల్లెలో ఎక్కినామె తన తలలో పూలు తీసి పటానికి పెట్టింది. "ఏ అమ్మవారమ్మా?" అని ఎవరో అడిగితే, "బావిలో పడినోళ్లను పైకి తీసే అమ్మ" అని అత్త చెప్పింది. బస్సు దిగేలోపు ఆ తల్లికి మహిమలు రెండింతలయ్యాయి.

వార్డులో సిస్టరమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఇది ఆసుపత్రమ్మా. కర్పూరం గిర్పూరం వెలిగిస్తే ఒప్పుకోను."

"వెలిగించను తల్లీ. పాపకు సూపించాల, అంతే."

పిల్లలందరూ రెడ్డెమ్మ మంచం చుట్టూ మూగారు. రెడ్డెమ్మ తీర్పు చెప్పే పెద్దమనిషిలాగా పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పుస్తకంలో బావి బొమ్మను చూసింది, మళ్లీ పటాన్ని చూసింది.

"అమ్మవారు ఏమో చెప్తాండాది. నోటి కాడ రాసుండే దాంట్లో అంతా కుంకుమే" అంది.

"కుంకుమ తుడిస్తే తప్పు గదమ్మా" అంది అత్త.

"ఊఁ. తప్పే." పటాన్ని ఒళ్లో పెట్టుకుంది. "అమ్మవారు వచ్చిందంటే వాడు పైకొచ్చినట్టే గదా?"

"రాకేమి? తీసుకొచ్చే పోతాది."

"అయితే నన్ను లోపలికి తీసకపోయినప్పుడు ఈ యమ్మ తలుపు కాడ ఉంటాదా?"

"ఉంటాది. నేనూ ఉంటా" అంది అత్త.

సోమవారం పొద్దున రెడ్డెమ్మ ఎవరూ మోయకముందే బల్ల ఎక్కుతానంది. తలుపు బయట మా అత్త పటం ఒళ్లో పెట్టుకొని, రెడ్డెమ్మ తల్లి చేయి పట్టుకొని కూర్చుంది. నేను అంతవరకూ ఏ దేవుడికీ మొక్కని మొక్కులన్నీ ఆ చక్కెర కాగితానికి మొక్కాను. తలుపు తెరుచుకొని డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. నేను ఏడ్చాను. మగవాణ్ణి, డిగ్రీ చదివేవాణ్ణి, అయినా ఏడ్చాను.

ఇక్కడితో ఆపితే నేను మహానుభావుణ్ణి. కానీ మీకు నవ్వు బాకీ ఉన్నాను.

పటం రెడ్డెమ్మ తలగడ పక్కనే ఉండిపోయింది. అత్త మా ఇంట్లో దిగి రోజూ నాతో పాటు వార్డుకు వచ్చేది. అలా ఒక పొద్దున మేం వెళ్లేసరికి సిస్టరమ్మ మంచాలూ బల్లలూ స్పిరిటు దూదితో తుడుస్తోంది. ఆమె చేతికి దొరికింది ఏదైనా శుభ్రం కావాల్సిందే. మేం చూస్తుండగానే పటం ఆమె చేతిలోకి వెళ్లింది. అత్త "అయ్యో" అనేలోపు అద్దం తళతళలాడింది.

రెడ్డెమ్మ లేచి కూర్చుంది. "ఇయ్యి సిస్టరమ్మా, నేను సదువుతా!" వార్డంతా చెవులు రిక్కించింది. అత్త చేతులు జోడించింది. రెడ్డెమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"అబ్బా... తల... పగిలి... పోతోంది!"

రెడ్డెమ్మ వేలు కింది వరుసకు దిగింది. "ఒక్కసారి... రుద్దండి... హాయిగా... ఉండండి. అన్ని... అంగళ్లలోనూ... దొరుకును."

అప్పుడు చూశాను. తల చుట్టూ ఉన్నవి కాంతి కిరణాలు కావు, నొప్పి. పైకెత్తిన చేయి అభయం కాదు, 'ఇక నా వల్ల కాదు' అని. ఎడమచేతిలో ఉన్నది కుంకుమ భరిణె కాదు, తలనొప్పి మందు డబ్బా. వెనక అట్ట విప్పి చూస్తే రెండో వైపు పొడుపుకథలు. రాకుమారుడు ఏ పప్పు పొట్లమై ఏ పొయ్యిలో పోయాడో ఈ రోజుకూ తెలియదు.

అత్త మెల్లగా నా వైపు తిరిగింది. "ఏమిరా రవణా, ఇదేనా నువ్వు చెప్పిన కథ?"

"అమ్మవారని మొదలు చెప్పింది నువ్వే గదత్తా!"

మా ఇద్దరికీ జగడం ముదిరేదే. ఇంతలో రెడ్డెమ్మ పటాన్ని గుండెకు ఆనించుకొని అంది. "పాపం అన్నా. అంత తలనొప్పి పెట్టుకొని గూడా వచ్చి కాపాడింది సూడు!"

ముందు సిస్టరమ్మ నవ్వింది. తర్వాత వార్డు నవ్వింది. రెడ్డెమ్మ నవ్వితే కుట్లు లాగి, "అబ్బా" అని మళ్లీ నవ్వింది. ఆఖరికి అత్త కూడా పమిట అడ్డం పెట్టుకొని నవ్వింది.

అత్తనూ పటాన్నీ కుప్పంలో దిగబెట్టినప్పుడు మామ గుట్టు విప్పాడు. "నాకు మొదటి దినమే తెలుసప్పా. చెప్తే తలనొప్పి ఆ యమ్మకు గాదు, నాకొస్తాది." అత్త ఆ మాట విననట్టే లోపలికి పోయి, పటాన్ని ఉన్న చోటనే పెట్టి, అక్షరాల మీద మళ్లీ దట్టంగా కుంకుమ పెట్టింది. "పిల్ల కాలు నిలబడిందా లేదా? రాత ఏముంటే నాకేమి? నాకెట్లాగూ తెలుగు సదవను రాదు."

కొన్ని నెలలకు రెడ్డెమ్మ వాళ్లమ్మతో మా అంగడికి వచ్చింది. తిన్నగా నడిచి వచ్చింది. చక్కెర అడిగి, నాయన కాగితం తీస్తుంటే ఆపింది. "ఆడనే ఉండు పెద్దాయనా. కథ అయిపోయిన కాగితంలో కట్టు. మధ్యలోది వద్దు." నాయన గుట్టంతా వెతికి అలాంటి కాగితంలోనే కట్టాడు. ఆ రోజు నుంచి మా అంగట్లో పుస్తకాన్ని వెనక నుంచి చింపడం మానేసి ముందు నుంచి చింపేవాళ్లం. దాంతో పుంగనూరులో కథలు మొదలుకావడం మానేశాయి. అది వేరే సంగతి.

కాబట్టి మహాజనులారా, తూర్పుకు తిరిగి, స్నానం చేసిన ఒంటితో, శుద్ధమైన మనసుతో చెప్తున్నాను. చివరి ఆకు చూడకుండా ఇక ఏ పుస్తకమూ దానం చేయను. తెలియని కథకు ముగింపు చెప్పను. ఒకవేళ చెప్పినా, వార్డు మొత్తానికి ఒకటే చెప్తాను. ఇది ఉత్తుత్తి ఒట్టు కాదు. అన్ని అంగళ్లలోనూ దొరికే ఆ తల్లి మీద ఒట్టు!